పోపుల పెట్టెలో వినయపిటకం

వినయపిటకంలోని మహావగ్గంలో ఆరవ ఖంధకానికి భేసజ్జక్ఖంధకమని పేరు. భేసజ్జమనగా ఔషధం. భిక్షువులు రోగపీడితులైనప్పుడు ఏయే పదార్థాలను మందుగా వాడుకోవచ్చునో బుద్ధుడు అనుమతించిన క్రమమంతా అందులో నమోదై ఉంది. వేళ్ళు, దుంపలలో పసుపు, అల్లం, వస, అతివస, కటుకరోహిణి, వట్టివేరు, తుంగముస్తలు. ఆకులలో వేప, కొడిసె, చేదుపొట్ల, తులసి, పత్తి. ఫలాలలో వాయువిడంగాలు, పిప్పళ్ళు, మిరియాలు, కరక్కాయ, తానికాయ, ఉసిరిక. జిగురులలో ఇంగువ. లవణాలలో సముద్రపుటుప్పు, నల్ల ఉప్పు, సైంధవ లవణం. ఈ పట్టికను పాళీ పేర్లు తీసివేసి చదివి వినిపిస్తే, మన ముసలమ్మలు దానిని ధర్మగ్రంథమని అనుకోరు. పచారీ కొట్టు చీటీ అనుకుంటారు.

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ ద్వీపాల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వీరిలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర తీరం నుంచి బ్రతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలవారు. మిన్నీ బేలోనైనా, పట్టణంలోని మరో పేటలోనైనా ఈ కుటుంబాలు తెచ్చుకున్న సామానులో పోపుల పెట్టె తప్పక ఉంటుంది. దగ్గుకు కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవడం, అజీర్తికి శొంఠి, తెగిన గాయానికి పసుపు, పడిశానికి మిరియాల కషాయం, తలబరువుకు ఆవిరి పట్టడం, బాలింతకు వావిలాకు కాచిన నీళ్ళు — ఇవి ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకున్నవి కావు. తల్లి చేయి చూసి కూతురు నేర్చుకున్నవి.

ఈ చిట్కాలు ఎవరివి? మన చుట్టూ వినవచ్చే జవాబులు రెండు. ఇవన్నీ ఋషులు తపస్సు చేసి దర్శించినవని ఒకటి. ఈమధ్య మన వారిలోనే కొందరు దానిని తిరగవేసి, ఇవన్నీ బుద్ధుడు ప్రసాదించినవి, కనుక ఇవి తప్పనివి, ఇంగ్లీషు మందు అవసరమే లేదు అంటున్నారు. రెండవ మాట మొదటి దానికంటె మనకు ఎక్కువ ప్రమాదకరమని మా అభిప్రాయం. మొదటిది మన చరిత్రను మననుంచి తీసివేస్తుంది; రెండవది మన చరిత్రను మనచేతనే తప్పుగా చదివిస్తుంది. అందుచేత గ్రంథం, శాసనం, యాత్రాకథనం ఏమి చెబుతున్నాయో వరుసగా చూద్దాం.

భేసజ్జక్ఖంధకం ఒక వైఫల్యంతో మొదలవుతుంది. సావత్థిలో శరదృతువు. భిక్షువులకు ఆ కాలపు జబ్బు పట్టుకున్నది. తాగిన గంజి నిలవడం లేదు, తిన్న అన్నం వాంతి అవుతున్నది. చిక్కి, పాలిపోయి, నరాలు తేలిన ఒళ్ళతో తిరుగుతున్నారు. లోకం ఔషధమని ఒప్పుకునేదీ, బలమిచ్చేదీ, అయినా భోజనమనిపించుకోనిదీ ఏమిటని బుద్ధుడు ఆలోచించి నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం అనే అయిదింటిని అనుమతించాడు. అయితే భోజన నియమం ప్రకారం మధ్యాహ్నం లోపలనే తీసుకోవాలన్నాడు. ఫలితం? భిక్షువులు మరింత చిక్కిపోయారు. మామూలు అన్నమే అరగనివారికి ఆ వేళలోనే నెయ్యీ నూనే ఎలా అరుగుతాయి? సంగతి విచారించి, వేళతో నిమిత్తం లేకుండా తీసుకోవచ్చునని బుద్ధుడు నియమాన్ని మార్చాడు. శాస్త త్రికాలజ్ఞుడు కనుక మొదటే సరిగా చెప్పాడని నిరూపించే ప్రయత్నం ఆ గ్రంథం ఎక్కడా చేయదు. మొదటి నియమం పనిచేయలేదని దాచకుండా రాసిపెట్టింది. ధర్మశాస్త్ర సాహిత్యం చదివిన కళ్ళతో చూస్తే ఇది చిన్న విషయం కాదు.

పిలిందవచ్ఛుడనే భిక్షువు కథ ఇంకా విపులం. ఆయనకు తలనొప్పి. తలకు నూనె పెట్టుకోమన్నారు, తగ్గలేదు. ముక్కులో మందు వేయమన్నారు, అది కారిపోయింది. ముక్కులో పోసే గరిటె చేయించుకోమన్నారు. రెండు రంధ్రాలలో సమంగా పడలేదు. జంట గొట్టాల గరిటె వచ్చింది. అదీ చాలలేదు. ధూమం పీల్చమన్నారు, వత్తి చుట్టి కాల్చి పీలిస్తే గొంతు మండింది. పొగగొట్టం వచ్చింది. ఆ భిక్షువుకే వాతపు నొప్పులు కూడా ఉండేవి. వాటికి చెమట పట్టించడం, ఆకులు పరచి కాపడం పెట్టడం, వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టడం ఒకదాని తరువాత ఒకటి అనుమతించబడ్డాయి. ఒక మనిషి, ఒక బాధ, ఒక ప్రయత్నం. అది పని చేయకపోతే మరొకటి. వావిలాకు నీళ్ళ స్నానానికీ ముక్కులో వేసే నూనె చుక్కకూ ఇంత పాత లిఖితసాక్ష్యం ఉన్నందుకు మనం సంతోషించవచ్చు. అయితే ఆ సాక్ష్యంలో మందుకంటె ముఖ్యమైనది మందును మార్చిన పద్ధతి.

ఈ పద్ధతికి సామాజిక నేపథ్యం ఉంది. తైత్తిరీయ సంహిత అశ్వినీదేవతలను వైద్యులైన కారణంగా అశుచులని, యజ్ఞభాగానికి తగరని మొదట నిరాకరిస్తుంది. మనుస్మృతి మూడవ అధ్యాయం వైద్యుని శ్రాద్ధభోజనానికి పనికిరానివారిలో చేర్చింది. నాల్గవ అధ్యాయం అతని అన్నం తినరాదన్నది. కారణం ఊహించడం కష్టం కాదు. వైద్యుడు చీము ముట్టుకుంటాడు, మలమూత్రాలు పరీక్షిస్తాడు, అన్ని కులాలవారి ఒంటిమీదా చేయి వేస్తాడు. శుద్ధాశుద్ధాల మీద నిలిచిన సమాజానికి అతడు అవసరమే, కానీ పంక్తిలో అక్కరలేదు. ఊరి మురికిని ఎత్తించుకుని ఎత్తినవాని నీడను తప్పుకున్న సమాజంలో పుట్టి పెరిగిన మనకు ఈ తర్కం ఎవరూ వివరించనవసరం లేదు.

మహావగ్గం ఎనిమిదవ ఖంధకంలో దీనికి ఎదురుగా నిలిచే ఘట్టముంది. విరేచనాలతో లేవలేక తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్షువును బుద్ధుడు చూశాడు. ఆనందుని చేత నీళ్ళు తెప్పించి, తాను పోస్తూ ఉండగా ఆనందుడు కడిగాడు. ఒకరు తల వైపు, ఒకరు కాళ్ళ వైపు పట్టి మంచం మీద పడుకోబెట్టారు. తరువాత సంఘాన్ని పిలిచి, ఇక్కడ మీకు తల్లీ తండ్రీ లేరు, ఒకరికొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని మందలించాడు. మంచి పరిచారకునికి ఉండవలసిన అయిదు లక్షణాలను కూడా ఆ సందర్భంలోనే చెప్పాడు. మందు సిద్ధం చేయగలగడం. రోగికి ఏది పడుతుందో ఏది పడదో తెలియడం. లాభాపేక్షతో గాక మైత్రితో సేవ చేయడం. మలమూత్రాలు, వాంతి ఎత్తివేయడానికి ఏవగించుకోకపోవడం. ధర్మం చెప్పి ధైర్యమివ్వడం. రోగి లక్షణాలూ అయిదు చెప్పాడు. తన బాధను ఉన్నదున్నట్టు చెప్పడం, మందు వేసుకోవడం వాటిలో ఉన్నాయి. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1957లో వెలువడిన తమ బుద్ధుడు–ఆయన ధమ్మం అన్న గ్రంథంలో రోగుల పట్ల బుద్ధుని ఆదరణకు ప్రత్యేక స్థానమివ్వడం యాదృచ్ఛికం కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కెన్నెత్ జిస్క్ 1991లో ప్రచురించిన తన గ్రంథంలో, భారతీయ వైద్యశాస్త్రం హేతుబద్ధమైన రూపు దిద్దుకోవడంలో శ్రమణ సంఘాలదే, ముఖ్యంగా బౌద్ధ విహారాలదే ప్రధాన పాత్ర అని వాదించాడు. బలమైన వాదన. అయినా దానిని పట్టుకుని ఆయుర్వేదమంతా బౌద్ధమేనని ప్రకటించడం తొందరపాటు. చరక సుశ్రుత సంహితలు మనకు చేరిన రూపంలో వైదిక చట్రం ఉన్నది. వైద్యపరిజ్ఞానం వేటగాండ్లు, పశువుల కాపరులు, అడవిజనం, మంత్రసానులు, సన్యాసులు అందరి చేతులలో తిరిగి పెరిగింది. అంతేకాదు, దీఘనికాయంలోని బ్రహ్మజాల సుత్తం వాంతులు చేయించడం, విరేచనాలిప్పించడం, కంటికీ ముక్కుకూ మందు వేయడం వంటి వాటిని భిక్షువు జీవనోపాధిగా చేసుకోరాని విద్యలలో లెక్కించింది. మొదటిసారి చదివేవారికి ఇది పరస్పర విరుద్ధంగా తోస్తుంది. కానీ పరిచారకుని మూడవ లక్షణం గుర్తుంచుకుంటే విరోధం తీరిపోతుంది. వైద్యం తప్పు కాదు. పసుపుబట్ట చూపి వైద్యాన్ని అమ్ముకోవడం తప్పు.

తెలుగునేల మీద ఈ సంప్రదాయపు జాడలు రాళ్ళ మీదనే ఉన్నాయి. కర్నూలు జిల్లా ఎర్రగుడి వద్ద బండల మీద అశోకుని ధర్మశాసనాలు చెక్కి ఉన్నాయి. వాటిలో రెండవది మనుషులకూ పశువులకూ చికిత్స ఏర్పాటు చేసిన సంగతి చెబుతుంది. మందుమొక్కలు లేని చోటికి తెప్పించి నాటించామని, వేళ్ళూ ఫలాలూ కూడా అలాగే నాటించామని, దారుల పక్క బావులు తవ్వించామని అందులో ఉన్నది. చోళ, పాండ్య, తామ్రపర్ణి దేశాలే గాక యవనరాజుల సీమలూ అందులో పేర్కొనబడ్డాయి. మందుమొక్క సరిహద్దులు దాటి వెళ్ళవచ్చునని, వెళ్ళాలని క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దిలో ఒక రాజ్యం అధికారికంగా ప్రకటించిందన్నమాట.

ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, అనగా నాగార్జునకొండలో, క్రీస్తుశకం మూడవ శతాబ్దికి చెందిన ఒక శాసనం విగతజ్వరాలయాన్ని పేర్కొంటుంది. జ్వరం విడిచినవారు కోలుకునేందుకు ప్రధాన విహారంలో ఏర్పరచిన గదిగా పండితులు దీనిని వివరించారు. ఆ మాటలో ఉన్న సూక్ష్మం గమనించదగినది. జ్వరం తగ్గగానే మనిషిని పొలానికో వేటకో పంపకుండా, నీరసం తీరేవరకు ఉండనిచ్చే చోటు అది. ఈ ద్వీపాలలో కూలికి పోతేనే పూట గడిచే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. జ్వరం విడిచిన మరునాడే పనిలోకి దిగి మళ్ళీ పడినవారిని మనం ఎరుగుదుము. పదిహేడు వందల ఏండ్ల కిందటి ఆ గది మనకు ఇంకా కట్టుకోవలసినదిగానే ఉన్నది.

విశాఖ సమీపంలోని తొట్లకొండకు ఆ పేరు బండలో తొలిచిన నీటితొట్ల వల్ల వచ్చింది. పక్కనే ఉన్న బావికొండకు బావుల వల్ల. భిక్షువుల అష్టపరిష్కారాలలో నీరు వడగట్టే గుడ్డ ఒకటి. మూలికల గురించి గంటసేపు మాట్లాడేవారు వడగట్టిన నీటిని మందుగా లెక్కించరు. విహారాల నిర్మాతలు లెక్కించారు. ఈ సంప్రదాయం బౌద్ధం క్షీణించిన తరువాత కూడా తెలుగునేల మీద పూర్తిగా అంతరించలేదు. కాకతీయ రుద్రమదేవి కాలంలో, 1261 నాటి మల్కాపురం శాసనం గోళకీ మఠానికి అనుబంధంగా ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను చెబుతుంది. అది శైవమఠం. శరణాలయం మారింది, శరణు వెతికే రోగి మారలేదు.

ఇప్పుడు సముద్రం సంగతి. మనం నివసించే ఈ పట్టణానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురం అనే పేరు పెట్టారు. స్వాతంత్ర్య పోరాట విజయానికి గుర్తుగా ఆ పేరు పెట్టినట్టు ప్రభుత్వం చెప్పింది. దానిని ఇక్ష్వాకుల విజయపురితోనో, సుమత్రాలోని శ్రీవిజయ రాజ్యంతోనో ముడిపెట్టి మురిసిపోవడం చరిత్ర విద్యార్థికి తగని పని. అయినప్పటికీ, ఆ శ్రీవిజయం నుంచి ఈ ద్వీపాల పక్కగా ప్రయాణించిన ఒక బౌద్ధ భిక్షువు మన విషయానికి అత్యంత విలువైన సాక్షి. ఆయన పేరు ఇత్సింగ్.

క్రీస్తుశకం 635లో చైనాలో జన్మించిన ఇత్సింగ్ 671లో కాంటన్ రేవులో ఓడ ఎక్కి శ్రీవిజయం చేరి, అక్కడ ఆరు నెలలు సంస్కృత వ్యాకరణం నేర్చుకున్నాడు. తరువాత మలయు, కెడా మీదుగా ఉత్తరానికి పది రోజులకు పైగా ప్రయాణించి దిగంబరుల దేశం చేరానని రాశాడు. అది నికోబార్ ద్వీపాలేనని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. ఒడ్డునిండా కొబ్బరి, పోక చెట్లు. ఓడ కనిపించగానే చిన్న పడవలలో వచ్చి కొబ్బరికాయలు, అరటిపండ్లు, వెదురు, బెత్తపు వస్తువులు ఇచ్చి ఇనుము అడిగేవారు. రెండు వేళ్ళంత ఇనుపముక్కకు అయిదో పదో కొబ్బరికాయలు. అక్కడినుంచి మరో పక్షం రోజులు వాయవ్యంగా సాగి 673లో తామ్రలిప్తి రేవులో దిగాడు. నలందలో సుమారు పదేండ్లు చదివాడు. తిరుగుప్రయాణంలో మళ్ళీ శ్రీవిజయంలో ఆగి, భారతదేశంలోనూ దక్షిణ సముద్ర ద్వీపాలలోనూ భిక్షువులు ఎలా జీవిస్తున్నారో వివరించే గ్రంథం రచించి 692లో స్వదేశానికి పంపాడు. జపాన్ పండితుడు తకకుసు 1896లో దానిని ఆంగ్లంలోకి అనువదించాడు.

ఆ గ్రంథంలో తత్త్వచర్చకంటె దినచర్య ఎక్కువ. పండ్లు తోముకోవడం మొదలు స్నానం, నడక, నీరు, ఉపవాసం, మందు వరకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క అధ్యాయం. ఆయన వైద్యశాస్త్రం బాగా చదివాడు. అది తన వృత్తి కాదని విడిచిపెట్టానని స్వయంగా చెప్పుకున్నాడు. అందుచేత ఆయన మాటలో అమ్మకందారు ధోరణి లేదు.

పందుంపుల్ల విషయం చూద్దాం. చైనా భిక్షువులు దంతకాష్ఠమంటే విల్లో కొమ్మ అని అనుకునేవారు. భారతదేశంలో ఆ చెట్టే అరుదు, నలందలో బుద్ధుని దంతకాష్ఠమని చూపే చెట్టు కూడా అది కాదు అని ఇత్సింగ్ దిద్దాడు. చేదుగానో వగరుగానో కారంగానో ఉండే ఏ చెట్టు పుల్లైనా సరిపోతుంది, తమ దేశపు చెట్లలోనే ఎంచుకోవచ్చునన్నాడు. చెట్టు పేరును కాదు, గుణాన్ని పట్టుకున్నాడు. స్నానం ఆకలిగా ఉన్నప్పుడే చేయాలి, కడుపునిండా తిన్న తరువాత కూడదు అన్నాడు. మన పెద్దవాళ్ళు ఈనాటికీ అనే మాటే. ఉదయం, సాయంకాలం నడవడం వలన రోగం తగ్గి ఆహారం జీర్ణమవుతుందన్నాడు. తాగే నీటినీ వాడకం నీటినీ వేరువేరు పాత్రలలో ఉంచాలని, తాగేది వడగట్టాలని పట్టుబట్టాడు.

ఉదయాన ముక్కుతో నీరు తీసుకునే అలవాటును ఆచార్య నాగార్జునుని పద్ధతిగా ఇత్సింగ్ పేర్కొన్నాడు. అది కష్టమైనవారు నోటితో తాగినా మంచిదేనని కూడా చేర్చాడు. నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసిన సుహృల్లేఖను చైనా భాషలోకి అనువదించినవారిలో ఆయన ఒకడు కనుక, ఆంధ్రదేశపు ఆచార్యుని పేరు ఆయనకు కొత్త కాదు. ఇక్కడ ఒక మాట. మాధ్యమిక దర్శనకర్త నాగార్జునుడు వేరు; చాలా కాలం తరువాత పాదరసం, లోహభస్మాల గ్రంథాలు ఎవరి పేర చలామణి అయ్యాయో ఆ సిద్ధనాగార్జునుడు వేరు. ఆ పేరు చూపించి భస్మం పొట్లం అందించేవారు ఇద్దరినీ కలిపివేస్తారు. పాదరసం, సీసం మూత్రపిండాలకూ నాడీమండలానికీ హాని చేస్తాయి. ఆచార్యుని పేరు చేర్చినంత మాత్రాన వాటి గుణం మారదు.

ఇత్సింగ్ చెప్పిన మందు ఒకటి మన వంటింటికి సరాసరి చెందుతుంది. కరక్కాయ పెచ్చు, శొంఠి, చక్కెర సమభాగాలు. మొదటి రెండింటిని దంచి, చక్కెర కలిపి, కొద్ది నీటి చుక్కలతో మాత్రలు చుట్టాలి. చక్కెర లేకపోతే తేనె. అజీర్తికి, విరేచనాలకు దీనిని ఆయన మెచ్చుకున్నాడు. మందులు ఎక్కడివి ఎక్కడ దొరుకుతాయో కూడా రాశాడు: కరక్కాయ భారతదేశంలో, ఇంగువ పడమటి సీమలో, కర్పూరం దక్షిణ సముద్ర ద్వీపాలలో. ఈ సముద్రం మీద భిక్షువులతో పాటు మందుల సంచులు కూడా ప్రయాణించిన కాలమది.

ఉపవాసం గురించి ఆయన రాసినది మాత్రం అందరూ నిదానంగా చదవాలి. ఒంట్లో నలతగా ఉంటే మొదటి మందు ఆహారం మానడమేనన్నాడు. పడమటి లాటదేశంలో రోగి పక్షం రోజులు, ఒక్కొక్కప్పుడు నెల రోజులు కూడా తినకుండా ఉంటాడు. మధ్యదేశంలో గరిష్ఠం వారం. దక్షిణ సముద్ర ద్వీపాలలో రెండు మూడు రోజులకు మించదు. ఈ తేడా నేలను బట్టి, ఆచారాన్ని బట్టి, శరీరతత్త్వాన్ని బట్టి వచ్చినదని వివరించాడు. చలిజబ్బుకు నిప్పు దగ్గర కూర్చోవడం మంచిదంటూనే, యాంగ్సీ నదికి దక్షిణాన వేడి, తేమ ఉన్న సీమలకు ఈ నియమం వర్తించదన్నాడు. లంఖణం పరమౌషధం అన్న సామెతను లాటదేశపు కొలతతో ఈ ద్వీపాలలో పాటించబోయేవారికి పదమూడు వందల ఏండ్ల కిందటనే జవాబు ఉన్నదన్నమాట. నేటి పరిస్థితిలో దానికి ఇంకొకటి చేర్చాలి. డెంగీ జ్వరంలో శరీరంలోని ద్రవం తగ్గితే ప్రాణాపాయం. మధుమేహానికి మందు వాడుతున్నవారు తిండి మానితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇత్సింగ్ ఈ రెండింటినీ ఎరగడు. ఎరిగి ఉంటే ఏమి రాసేవాడో ఆయన పద్ధతి తెలిసినవారు సులభంగా ఊహించగలరు.

ఆ పద్ధతికి పరీక్ష గోమూత్రం దగ్గర వచ్చింది. ప్రవ్రజ్యాసమయంలో భిక్షువుకు చెప్పే నాలుగు ఆధారాలలో పూతిముత్త భేసజ్జం, అనగా పులిసిన మూత్రపు మందు ఒకటి. ఏమీ దొరకని నిరాశ్రయునికి కనీసపు మందు అది. నెయ్యి, తేనె మొదలైనవి దానికి అదనపు అనుమతులు. పాముకాటుకు మలం, మూత్రం, బూడిద, మన్ను కూడా అనుమతించబడ్డాయి. దీనిని పట్టుకుని చైనాలో కొందరు పంది, పిల్లి మలమూత్రాలను కుండలలో పులియబెట్టి ఘనమైన పేరొకటి పెట్టి రోగులకు తాగించేవారు. ఇత్సింగ్ ఈ ఆచారాన్ని గ్రంథంలో తీవ్రంగా ఖండించాడు. పేరు మంచిదే, వస్తువు మాత్రం నీచమని, ఇన్ని మంచి మూలికలుండగా ఇదేమిటని అడిగాడు. గ్రంథంలో ఉన్నది కదా అని ఊరుకోలేదు. నేడు పాముకాటుకు విరుగుడు సూది ప్రభుత్వ ఆసుపత్రిలో ఉన్నది. మన్ను పూసుకుంటూ ఇంటి దగ్గర గడిపే ప్రతి నిమిషమూ రోగి ఆయుష్షులోనుంచి పోయేదే.

ఈ పట్టణ చరిత్రలోనే మూలికావైద్యానికి సంబంధించిన ఒక అధ్యాయముంది. మన వారికి అంతగా పరిచయం లేదు. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ ద్వీపాంతరవాస శిక్షాస్థావరం ఏర్పరచింది. 1870ల తొలి సంవత్సరాలలో డౌగల్ అనే వైద్యాధికారి ఇక్కడి అడవులలో విరివిగా పెరిగే గర్జన్ చెట్టు నూనెను సున్నపుతేటతో కలిపి కుష్ఠురోగులైన ఖైదీలకు ఉదయం, సాయంత్రం గంటల తరబడి రుద్దించాడు, లోపలికీ ఇప్పించాడు. పుండ్లు మానుతున్నాయని, స్పర్శ తిరిగి వస్తున్నదని నివేదిక వెళ్ళింది. వార్త ఇతర దేశాల దాకా పాకింది. ఇతర చోట్ల పరీక్షించగా ఆ ఆశ నిలువలేదు. రోజూ ఒళ్ళు కడగడం, మర్దన, తిండి — వీటివలన కొంత మేలు కనిపించి ఉండవచ్చు. రోగాన్ని మాత్రం నూనె కుదర్చలేదు. కుష్ఠుకు నిజమైన మందు 1940లలో సల్ఫోన్‌లతో మొదలై, 1980లలో బహుళౌషధ చికిత్సతో స్థిరపడింది.

ఈ ఉదంతంలో మేము రెండు సంగతులు గమనిస్తున్నాం. మొదటిది, ఆ ఖైదీలను ఎవరూ సమ్మతి అడగలేదు. శృంఖలాల్లో ఉన్నవాని ఒంటి మీద జరిగిన ప్రయోగం అది. రెండవది, అయినప్పటికీ ఫలితాన్ని లెక్క రాసి పదిమంది ముందు పెట్టారు గనుకనే అది తప్పని తేలింది. అదే నూనె ఏ బాబా చేతిలోనో పడి ఉంటే ఈనాటికీ సీసాలలో అమ్ముడుపోతూ ఉండేది. పిలిందవచ్ఛుని ముక్కుగరిటె కథలో ఉన్నది ఈ రెండవ గుణమే. అక్కడ రోగి మాటకు విలువ కూడా ఉన్నది. మందు కారిపోతున్నదని రోగి చెప్పాడు, గరిటె మారింది.

కనుక ఇంటి వైద్యాన్ని ఏమి చేయాలి? విడిచిపెట్టమని మేము అనము. పడిశం, మామూలు దగ్గు, అజీర్తి, పని చేసి వచ్చిన ఒంటినొప్పులు — వీటికి శొంఠి, మిరియం, ఆవిరి, కాపడం, విశ్రాంతి చాలు. ప్రతిదానికీ సూది వేయించుకోవడం మందుల కొట్టువారికి తప్ప ఎవరికీ మేలు కాదు. జ్వరం రెండు రోజులు దాటితే రక్తపరీక్ష చేయించాలి. మలేరియా, డెంగీ, ఎలుకజ్వరం ఈ ద్వీపాలలో మొదటి రోజు ఒకేలా కనిపిస్తాయి. బొప్పాయి ఆకు రసం వాటిని వేరు చేసి చెప్పలేదు. కరక్కాయ సహా ఏ మూలిక వాడుతున్నా ఆసుపత్రిలో డాక్టరుకు చెప్పాలి. డాక్టరు కోప్పడతాడని దాచేవారు మనలో ఎక్కువ. బాధను ఉన్నదున్నట్టు చెప్పడం మంచి రోగి లక్షణమని మహావగ్గం చెప్పింది కదా.

చివరగా పిలిందవచ్ఛుని మరో కథ. ఆయనకు రాజగృహంలో మంచి పేరు వచ్చిన తరువాత దాతలు నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం విస్తారంగా తెచ్చి ఇవ్వసాగారు. ఆయన వాటిని తన పరివారానికి ఇచ్చేవాడు. వారు కుండలు నింపారు, తొట్లు నింపారు, నీరు వడగట్టే గుడ్డలలోనూ సంచులలోనూ మూటకట్టి కిటికీలకు వేలాడదీశారు. అవి కారి, జిడ్డుకట్టి, విహారమంతా ఎలుకలు చేరాయి. చూడవచ్చిన జనం, ఈ శ్రమణులు మగధరాజులాగా లోపల గాదెలు పెట్టుకున్నారని చెప్పుకున్నారు. ఆ మాట బుద్ధుని చెవిన పడింది. ఆ అయిదు మందులను స్వీకరించిన భిక్షువు ఏడు రోజుల వరకే ఉంచుకోవచ్చునని, ఆపైన నిలువ చేయరాదని నియమం ఏర్పడింది.